దీపానికి నెయ్యి ఎవరిది?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. సమాజాన్ని నడిపేది అధికారమా, నమ్మకమా? మీ నాన్నగారు అంతా పైవాడి దయ అంటారు. మీ రూమ్మేటు మాత్రం పదవీ డబ్బూ ఉంటే పైవాడే క్యూలో ముందుకు పిలుస్తాడంటాడు. చదువూ టెక్నాలజీ ఇంత పెరిగాక ఇంకో యాభై ఏళ్ళకి మతం, కులం మిగులుతాయా అని మీ సందేహం. గ్రూప్స్ వ్యాసంలో ఇలాంటి ప్రశ్న వస్తే ఏం రాయాలన్న టెన్షన్ కూడా ఉందన్నారు.

టెన్షన్ నేను తీర్చలేను. గుంటూరులో 34 ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పాను. నా దగ్గర చదివినవాళ్ళకి మార్కులు అంతంతమాత్రం, వాదించడం మాత్రం బాగా వచ్చింది. మిగతా ప్రశ్నకి నా దగ్గర ఒక జవాబుంది. అది మీ గదికి గంట దూరంలో, అమరావతిలో ఉంది. బస్సెక్కి వెళ్ళి చూడదగ్గ జవాబు.

అమరేశ్వరుడి గుడిలో ఒక రాతి స్తంభం మీద శక సంవత్సరం 1104 నాటి శాసనం ఉంది. అంటే 1182. వేయించింది ధరణికోట ఏలిన కోట వంశపు రెండో కేతరాజు. శ్రీధాన్యకటకం, అంటే ఈ ధరణికోట-అమరావతే, ఇంద్రుడి పట్నాన్ని మించిందని పొగిడి, ఇక్కడ అమరేశ్వరుడు ఉన్నాడు, ఆయనకు బాగా దగ్గరలోనే బుద్ధదేవుడు ఉన్నాడు, రకరకాల శిల్పాలు చెక్కిన ఎత్తైన చైత్యం, అంటే స్తూపం, ఉంది అంటుంది. తర్వాత దానాలు. శివుడికి ఊళ్ళిచ్చాడు, బుద్ధుడికీ ఊళ్ళిచ్చాడు, బుద్ధుడి దగ్గర అఖండ దీపాలు పెట్టించాడు. శివుడి గుడి స్తంభం మీదే పక్క దేవుడికి ఇచ్చిన దానం చెక్కించుకున్నాడన్నమాట. 1234లో నతవాడి వంశపు ఆడపడుచు ఒకామె కూడా బుద్ధుడికి దీపం పెట్టించింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. అఖండ దీపం రాత్రీ పగలూ ఆరకూడదు. దాత ఒకరోజు వచ్చి నెయ్యి పోసి దండం పెట్టి వెళ్ళిపోతే సరిపోదు. అందుకని మన కోస్తా శాసనాల్లో ఒక పద్ధతి పదే పదే కనిపిస్తుంది. దాత గొర్రెలు ఇస్తాడు. పాతికో, యాభయ్యో, యాభై అయిదో. వాటిని ఒక బోయకి, అంటే మంద కాసేవాడికి, అప్పజెబుతారు. ఆ మంద పాడి మీద అతను రోజూ ఇంత నెయ్యి అని గుడికి పోయాలి. చాలాచోట్ల మానిక అనే కొలత రాస్తారు. అతని తర్వాత కొడుకు, ఆ తర్వాత మనవడు. ఎన్నాళ్ళు అంటే, ఆచంద్రార్కం, సూర్యచంద్రులు ఉన్నంతకాలం. తమిళ శాసనాలు ఈ గొర్రెల్ని చావనివి, ముసలివి కానివి అంటాయి. మందలో ఎన్ని చచ్చినా లెక్క తగ్గకూడదని దాని అర్థం.

మీ నాన్నగారి మాటా, మీ రూమ్మేటు మాటా రెండూ ఈ ఒక్క దీపంలో ఉన్నాయి. వెలిగించాలన్న కోరిక నమ్మకం. ఇంకా పుట్టని మనవడి మెడకు కూడా మందను కట్టగలగడం అధికారం. ఒకటి లేకుండా రెండోది ఒక్క వారం కూడా నిలవదు. బోయకి ఆ ఏర్పాటు ఇష్టమో కాదో శాసనంలో ఉండదు. ఉండదన్న సంగతి కూడా చరిత్రే.

అందుకే ఎవరైనా నమ్మకం గొప్పదా, అధికారం గొప్పదా అని అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే. దీపానికి నెయ్యి ఎవరిది? రోజూ మోసుకొచ్చేది ఎవరు? ఈ రెండూ తెలిస్తే ఆ సమాజం సగం తెలిసినట్టే.

సరే, ఆ దీపాలు ఎప్పుడు కొండెక్కాయో ఎవరూ రాయలేదు. శ్రీలంకలోని గడలదెనియలో 1344 నాటి శాసనం, ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడని చెబుతుంది. ఆ తర్వాత మాటాపలుకూ లేదు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చేసరికి అక్కడున్నది మట్టిదిబ్బ. అది బుద్ధుడి స్తూపమని చెప్పేవాళ్ళు లేరు. మెకంజీ కూడా జైనులది అయి ఉంటుందనుకున్నాడు. కానీ ఊళ్ళోవాళ్ళు ఆ దిబ్బను పిలిచే పేరు రాసుకున్నాడు: దీపాలదిన్నె.

దేవుడి పేరు మరిచిపోయారు. మతం మరిచిపోయారు. దీపాలు మాత్రం గుర్తున్నాయి. తరగతిలో ఈ మాట చెప్పాక ఒక నిమిషం ఊరుకునేవాణ్ణి. వెనక బెంచీల్లో కూడా అలికిడి ఆగేది.

మెకంజీని అక్కడికి రప్పించింది ఒక జమీందారు ఊరు కట్టిన హడావిడి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కృష్ణ ఒడ్డునే ఉన్న చింతపల్లి నుంచి మకాం మార్చి అమరావతి పట్నం కట్టిస్తున్నాడు. ఇటుకల కోసం, ఏమైనా నిధి దొరక్కపోతుందా అన్న ఆశతో దిన్నె తవ్వించారు. చెక్కిన పలకల్లో కొన్ని మెట్లయ్యాయి, కొన్ని గోడల్లో కలిసిపోయాయి. ఆయన గురించి మన వైపు చెప్పుకునే కథ మీరు వినే ఉంటారు. చెంచుల్ని నమ్మించి పిలిపించి చంపించాడట. ఆ తర్వాత కంచం ముందు కూర్చుంటే అన్నం పురుగులై కనిపించేదట. ఆ పాపం వదిలించుకోవడానికే అమరేశ్వరుడి దగ్గర చేరి గుళ్ళు కట్టించాడట. కథలో నిజమెంతో పక్కన పెట్టండి. జనం దాన్ని రెండు వందల ఏళ్ళు ఎందుకు చెప్పుకున్నారు? చంపడానికి ఎవర్నీ అడగక్కర్లేని మనిషికి కూడా ముద్ద దిగాలంటే ఇంకొకరి సెలవు కావాలని వాళ్ళు నమ్మారు. దొర మీద చెయ్యెత్తలేనివాళ్ళు కథతో వేసిన శిక్ష అది. 1816లో ఆయన పోయాక ఇద్దరు దత్తపుత్రులూ దావాలకెక్కారు, ఎస్టేటు కరిగిపోయింది. గుళ్ళు ఉన్నాయి, కథా ఉంది.

1845లో దిన్నె తవ్వించిన వాల్టర్ ఇలియట్ అసలు వచ్చిన పని వేరు. గుంటూరు జిల్లా శిస్తు లెక్కలు ఎందుకలా చెడిపోయాయో తేల్చమని కుంఫిణీ పంపింది. పలకలు మద్రాసు చేరి, ఏళ్ళ తరబడి ఎండకి ఎండి వానకి తడిసి, 1859లో లండన్‌కి ఓడెక్కాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. శిస్తు లెక్క తీసుకునే చెయ్యీ శిల్పం తీసుకునే చెయ్యీ ఒకటే కావడం యాదృచ్ఛికం అని నేననుకోను.

ఇక ‘బౌద్ధాన్ని ఎవరు చంపారు’ అన్న గొడవ. నా ఫోనుకి వారానికి ఒకటైనా వస్తుంది, ఒకరు ఫలానా మతంవాళ్ళని, ఇంకొకరు ఫలానా రాజని. నాకు విసుగు. నాగార్జునకొండ చూడండి. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశానని చెప్పుకున్నాడు. ఆయన తోడబుట్టిన చాంతిసిరి అక్కడి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది. ఇంటి మగవాళ్ళు యజ్ఞం, ఆడవాళ్ళు స్తూపం. భోజనాల దగ్గర వాళ్ళేం మాట్లాడుకునేవాళ్ళో వినాలని నాకెప్పుడూ కోరిక. ఒక ఇంట్లోనే రెండు దార్లున్నప్పుడు, ఒకడు కత్తి పట్టి వచ్చి ఇంకోదాన్ని నరికేశాడనే కథ అతకదు. స్తూపాలకి డబ్బిచ్చింది ఎక్కువగా వర్తకులు, వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు, రకరకాల చేతిపనివాళ్ళు. రోమ్‌తో ఓడవ్యాపారం సన్నగిల్లాక ఆ చేతులు వట్టిపోయాయి. గుడికేమో భూమి ఉంది, మాన్యం ఉంది, మాన్యం దున్నే ఊరు ఉంది. నెయ్యి ఆ గట్టు నుంచి ఈ గట్టుకి మారింది. విరగ్గొట్టినవాళ్ళు లేరని కాదు. కానీ విరగ్గొట్టినదాన్ని మళ్ళీ కట్టుకునే స్తోమత ఉన్నంతకాలం ఏ మతమూ చావదు.

చేతిపనివాళ్ళు అన్నాను కదా. అమరావతి శాసనాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒకటుంది. విధికుడు అనే ‘చమ్మకారుడు’, అంటే తోలుపని చేసేవాడు, తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో కలిసి స్తూపానికి ఒక రాతి పలక ఇచ్చాడు. తండ్రి పేరు నాగుడు, ఉపాధ్యాయుడు. పలక మీద చెక్కించింది పూర్ణఘటం, పైకి పొంగే పూలకుండ. అదే అమరావతి పూర్ణఘటం ఈరోజు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ముద్రలో ఉంది. మీరు రేపు ఉద్యోగంలో చేరితే రోజూ దాని కిందే సంతకం పెడతారు.

1992 జనవరిలో బీఏ పిల్లల్ని అమరావతి తీసుకెళ్ళాను. చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి అప్పటికి ఆరు నెలలు కాలేదు. బస్సులో సగంమంది సగంమందితో మాట్లాడుకోవడం లేదు. మ్యూజియం చూశాం, దిన్నె చూశాం. గుడి దగ్గర అందరూ చెప్పులు విప్పి మెట్లెక్కారు. ఒక కుర్రాడు మాత్రం చెప్పుల దగ్గర కాపలా ఉంటానన్నాడు. ఎవరూ ఆపలేదు. ఆపేవాళ్ళు అక్కడెవరూ లేరు కూడా.

“లోపలికి రావేం?” అన్నాను.

“చెప్పులు పోతాయేమో సార్.”

“పోతే పోనీ. శాసనం చూడవా?”

కాసేపు నేల చూసి అన్నాడు: “మా తాత రాలేదు సార్. మా నాన్న రాలేదు. నాకు కాలు ఆడట్లేదు.”

మాదిగ కుటుంబం వాళ్ళది. తాత చెప్పులు కుట్టేవాడట. నేను కూడా అక్కడే మెట్టు మీద కూర్చుని విధికుడి గురించి చెప్పాను. తల్లి, భార్య, కూతుళ్ళు, పూర్ణఘటం, అంతా. వాడు విని ఒకే ప్రశ్న అడిగాడు. “మరి మధ్యలో ఏం జరిగింది సార్?”

సమాధానం చెప్పలేకపోయాను. సిలబస్‌లో ఉన్నదేదో చెప్పబోయి మధ్యలో ఆపేశాను. ముప్ఫై ఏళ్ళుగా ఆ ప్రశ్నకే ముక్కలు ముక్కలుగా జవాబు వెతుక్కుంటున్నాను. ఈ రాతలో ఉన్నది అందులో కొంత.

ఒక ముక్క నీళ్ళలో ఉంది. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు జిల్లాలో కరువొచ్చింది. సుమారు అయిదు లక్షల జనంలో లక్షన్నరకు తగ్గకుండా పోయారని లెక్క వేశారు. కృష్ణ నిండుగా సముద్రంలోకి పోతూనే ఉంది, గట్టు మీద జనం ఎండిపోయారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1852లో మొదలుపెట్టి 1855 నాటికి, బెజవాడకీ సీతానగరానికీ మధ్య ఆనకట్ట కట్టారు. ఆలోచన ఆర్థర్ కాటన్‌ది, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. 1952లో దానికి గండి పడితే దాని బదులు కట్టిందే 1957 నాటికి పూర్తయిన మన ప్రకాశం బ్యారేజీ.

కాలవ వచ్చాక ఏమైంది? మెట్ట మాగాణి అయింది. భూమి ఉన్నవాడి ఇంట్లో ధాన్యం మిగిలింది, మిగిలింది అమ్మితే చేతిలో రొక్కం ఆడింది. ఆ రొక్కంతో పిల్లలు హాస్టళ్ళకి వెళ్ళారు, ఊరికో లైబ్రరీ వచ్చింది, పట్నంలో ప్రెస్సు, సినిమా హాలు వచ్చాయి. అంతేకాదు, ప్రశ్నించే ధైర్యం వచ్చింది. తెనాలిలో త్రిపురనేని రామస్వామి పురాణాల్ని నిలదీసి, పురోహితుడు లేకుండా తెలుగులో పెళ్ళిళ్ళు చేయించాడు. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడకి మార్చారు. దసరాకి ఇంద్రకీలాద్రి మెట్ల మీద ఇసుక వేస్తే రాలని జనం, కొండకి కొద్ది దూరంలో పటమటలో నాస్తిక కేంద్రం. రెండూ ఒకే ఊళ్ళో ఇన్నేళ్ళుగా ఉండటం మన బెజవాడ గొప్పతనమని నేనంటాను.

అయితే ఆ ప్రశ్న ఎంతవరకు వెళ్ళింది? పైవాడిని నిలదీయడం వరకు బాగా వెళ్ళింది. కింద ఉన్నవాడు తనని నిలదీస్తే మాత్రం చాలాచోట్ల ఆగిపోయింది. 1985 జూలైలో కారంచేడు గొడవ దేని దగ్గర మొదలైంది? దళితులు మంచినీళ్ళు పట్టుకునే చెరువు. అందులో కుడితి బకెట్ కడగొద్దన్నందుకు. ఆరుగురు పోయారు. శతాబ్దం పైగా కాలవ నీళ్ళు పారిన నేలలో, ఒక బిందె నీళ్ళ దగ్గర. చుండూరు కేసులో 2007లో కింది కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు కొట్టేసింది. కాలవ నీళ్ళు పల్లానికి పారతాయి గానీ, భూమి హక్కు వాటి వెంట పారదు. గోత్రాల్ని పురాణాల్ని వెక్కిరించినవాళ్ళు కూడా సంబంధాలు చూసేటప్పుడు ఇంటిపేరు అడిగారు. నేను కూడా, ఒప్పుకోవాలి కదా, మా అమ్మాయి విషయంలో నోటితో అడగలేదు గానీ చెవి అటే వేశాను.

రెండో ముక్క ఇంకో కాలవలో ఉంది. 1876-78 ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు. కరువు పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మం ఇవ్వలేదు, కూటి కోసం చేరారంటారని. పని ముగిశాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇప్పించాడు. మీ రూమ్మేటు దీన్ని ‘చూశారా, తిండి పెట్టి మార్చేశారు’ అంటాడు. మీ నాన్నగారు ఇంకేదో అంటారు. నేను అడిగేది వేరు. మీరే రోజంతా మట్టితట్ట మోస్తున్నారనుకోండి. ఆ మట్టి దగ్గర మీ పేరు పెట్టి పిలిచి, కూలి చేతికిచ్చి, సాయంత్రం పక్కన కూర్చుని మాట్లాడిన మొదటి మనిషి ఒక దేవుడి పేరు చెప్పాడు. ఆ దేవుణ్ణి నమ్మడం తిండికి అమ్ముడుపోవడమేనా? అంతకుముందు దాకా ఆ మనుషులకి గుడి తలుపు ఎంతవరకు తెరిచి ఉందో కూడా అడగాలి. 1842లో హేయర్ అనే లూథరన్ పాస్టరు గుంటూరులో అడుగుపెట్టినప్పటి నుంచి ఈ జిల్లాలో బడి, ఆస్పత్రి, చర్చి మూడూ ఒక ప్రహరీలోనే పెరిగాయి. దీపానికి నెయ్యి పోసినవాడే పలక కూడా చేతికిచ్చాడు. నమ్మకం అక్కడ నిలబడకపోతే ఆశ్చర్యపోవాలి.

మూడో ముక్క కాగితం. దీని మీద ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ నా దృష్టిలో అన్నిటికంటే గట్టిది ఇదే. కత్తి ఉన్నవాడు ఒక తరం ఏలతాడు, లెక్క రాసేవాడు పది తరాలు ఏలతాడు. ఇలియట్ గుంటూరులో కనిపెట్టింది ఏమిటనుకున్నారు? కలెక్టరు తెల్లవాడే, లెక్కలు మాత్రం ఆయన చదవలేని భాషలో, ఆయన చుట్టూ ఉన్న కచేరీ కుటుంబాల చేతిలో ఉన్నాయి. ఊళ్ళో కరణం కూడా అంతే. ఎవడి గట్టు ఎక్కడిదాకా అన్నది కరణం కలంలో ఉండేది. మా నాన్న కరణంగారి అరుగు ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడటం నేను చూశాను. మా నాన్న ఎవరికీ తలవంచే రకం కాదు, దేవుడికి కూడా దండం పెట్టేవాడు కాదు. కరణానికి పెట్టేవాడు. 1984 జనవరిలో ఒక్క ఆర్డినెన్సుతో ఆ ఉద్యోగాలు రద్దయినప్పుడు ఆ రాత్రి మా ఇంట్లో పాయసం వండారు. తర్వాత అదే భూమి లెక్క, అడంగల్ కోసం ఒక ఆఫీసు చుట్టూ పద్నాలుగు నెలలు తిరిగాం. కలం పోయి కంప్యూటర్ వచ్చాక మా రెండెకరాల పదిహేను సెంట్లు తెర మీద ఎనభై సెంట్లయి కూర్చుంది. కంప్యూటర్ ముందు చెప్పులు విప్పక్కర్లేదు, అదొక్కటే తేడా. అరుస్తామంటే అరవడానికి మనిషి కూడా లేడు.

2024 ఎన్నికలప్పుడు పట్టాదారు పాస్‌పుస్తకం మీద, సర్వే రాళ్ళ మీద ఎవరి బొమ్మ ఉండాలన్నది ఎంత పెద్ద గొడవైందో మీకు గుర్తుండే ఉంటుంది. భూహక్కు చట్టం ఆ ఏడాదే రద్దయింది. కుర్రకారు నవ్వుకున్నారు, బొమ్మలో ఏముంది అని. శాతవాహనులు వెండి నాణేల మీద తమ ముఖాలు వేయించుకున్నది ఊరికేనా? నీ చేతిలో ఉన్నది నీది అని చెప్పేవాడు ఎవడో నీకు గుర్తుండాలి, అందుకు. రైతుకి ఆ బొమ్మ నచ్చకపోవడం కూడా రెండు వేల ఏళ్ళ పాత విషయమే అయి ఉంటుంది, శాసనాల్లో రాయలేదంతే.

ఇప్పుడు మీ యాభై ఏళ్ళ ప్రశ్న. నేను జ్యోతిష్కుణ్ణి కాను. కానీ ‘చదువు పెరిగితే నమ్మకం తగ్గుతుంది’ అన్న లెక్క నా కళ్ళ ముందే తప్పింది. 2015 అక్టోబరులో రాజధానికి శంకుస్థాపన చేసినప్పుడు ఏం చేశారు? రైతులు భూసమీకరణలో ఇచ్చిన వేల ఎకరాల నేల మీద, సింగపూర్ వాళ్ళు గీసిన ప్లాన్ల పక్కన, ఊరూరి నుంచీ మట్టీ నీళ్ళూ తెప్పించి కలిపారు. ప్రధాని ఢిల్లీ నుంచి పార్లమెంటు ఆవరణలో మట్టి, యమున నీళ్ళు పట్టుకొచ్చారు. పేరు కూడా పాత ఊరిదే తీసుకున్నారు. ఎంత టెక్నాలజీ ఉన్నా అధికారం తనంతట తాను నిలబడగలనని అనుకోదు, చెంబులో నీళ్ళు కావాలి. ఆ తర్వాత ప్రభుత్వం మారితే రాజధాని మాట మారింది, మళ్ళీ మారితే మళ్ళీ మారింది. ఆ ఊళ్ళ ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి టెంట్ల కింద కూర్చున్నారు, దుర్గమ్మకి మొక్కుకున్నారు, కోర్టుకి కాగితాలు పెట్టారు. మొక్కునీ పిటిషన్‌నీ ఒకే చేత్తో పట్టుకున్నారు. ఏది పనిచేసిందని వాళ్ళనడిగితే రెండూ అంటారు, ఏమీ మొహమాటపడకుండా.

ఇంకొకటి, నా లెక్కకే కాస్త ఎదురు నడిచేది. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర అనే బౌద్ధ దీక్షోత్సవం జరిపించారు. బుద్ధుడు కాలచక్ర బోధ ధాన్యకటకంలోనే చేశాడని టిబెటన్ల నమ్మకం. మన వాళ్ళు మరిచిపోయిన ఊరిపేరుని వాళ్ళు హిమాలయాల అవతల, ఎప్పుడూ చూడకుండానే, వందల ఏళ్ళు తలుచుకుంటూ ఉన్నారు. ఆ పది పన్నెండు రోజులూ దీపాలదిన్నె చుట్టూ వేల దీపాలు. గొర్రెలు లేవు, బోయ లేడు, మాన్యం లేదు. నెయ్యి ఇక్కడ అయిపోయినా ఎక్కడో ఇంకొక కుండలో మిగిలి ఉంది. అంటే ఒక ఏర్పాటు చచ్చినంత మాత్రాన నమ్మకం చచ్చిందనుకోకూడదు. ఇది నాకు ఆరోజు రాత్రి అక్కడ నిలబడి చలిలో వణుకుతుంటే అర్థమైంది. అప్పటిదాకా తరగతిలో కాస్త తొందరపడి చెప్పేవాణ్ణి.

కాబట్టి కులం పోతుందా అంటే, నా అంచనాకి, బట్టలు మారుస్తుంది. ఇప్పటికే మారుస్తోంది. కార్తీక మాసంలో తోటల్లో ఏ కులం వనభోజనం ఆ కులానిది, ఆహ్వానం వాట్సాప్‌లో. సంబంధాల యాప్‌లో మొదటి గడి ఏమిటో చూడండి. మతం గుడిలో తగ్గి ఫోనులో పెరగొచ్చు. ఫోనులో దీపానికి నెయ్యి ఎవరు పోస్తున్నారో కనబడదు, అదీ నా భయం. కేతరాజు కనీసం తన పేరు చెక్కించుకున్నాడు. మీ తెర మీదకి వచ్చే భక్తి వీడియోనో, కోపం తెప్పించే వీడియోనో పంపింది ఎవరు, ఎవరి డబ్బు? ఏ స్తంభం మీదా ఉండదు. యాభై ఏళ్ళ తర్వాత ఇలియట్ లాంటివాడెవడైనా వస్తే తవ్వడానికి దిన్నె కూడా మిగలదు.

వ్యాసంలో ఇదంతా రాయకండి, మార్కులు పోతాయి. ఒక శాసనం, ఒక కాలవ, ఒక కాగితం, ఈ మూడింటిని పట్టుకుని రాయండి. అందరూ అశోకుడితో మొదలుపెడతారు, మీరు బోయతో మొదలుపెట్టండి. దిద్దేవాడు కనీసం నిద్ర లేస్తాడు.

చెప్పుల దగ్గర కూర్చున్న ఆ కుర్రాడు ఇప్పుడు హెడ్మాస్టరు. పోయిన కార్తీకంలో ఫోన్ చేశాడు. కూతుర్ని తీసుకుని అమరావతి వెళ్ళాడట. లోపలికెళ్ళి, స్తంభం చూపించి, దీపం నూనెకి డబ్బు కట్టాడట. రసీదు మీద పేరు, ఊరు, గోత్రం అని మూడు గీతలున్నాయట. మొదటి రెండూ కూతురే నింపి, మూడో దాని దగ్గర కలం ఆపి, “ఇక్కడేం రాయాలి నాన్నా?” అంది.

“మీరేం చెప్పారు?” అన్నాను.

“ఖాళీగా వదిలెయ్యమన్నాను సార్. దీపం వెలిగింది.”